చలికి వణకని మొక్క అండమాన్‌లో ఎందుకు బతకదు?

విత్తనాలు అమ్మే కంపెనీల కేటలాగులు తిరగేస్తే కొన్ని మొక్కల పేర్ల పక్కన మూడు మాటలు తరచుగా కనిపిస్తాయి: ఆల్పైన్ మొక్క, చాలా గట్టిది, రాతి తోటకు అనువైనది. ఎడెల్‌వైస్, శాక్సిఫ్రాగా, జెన్షియన్ వంటివి ఈ కోవకు చెందినవే. గడ్డకట్టే చలిని తట్టుకుంటాయి. బండల సందులో చారెడు మట్టి దొరికినా వేళ్ళూనుకుంటాయి. ఇది చదివినవారికి ఒక ఆలోచన రావడం సహజం. అంత చలిలో, అంత తక్కువ మట్టిలో బతికే మొక్క అండమాన్‌లో ఇంకెంత బాగా పెరగాలి? అక్కడ మంచు లేదు, వానకు కొదవ లేదు, రాళ్ళూ కొండలూ కావలసినన్ని ఉన్నాయి.

జరిగేది మాత్రం దీనికి పూర్తిగా తలకిందులు. మంచుకొండల మీద దశాబ్దాలపాటు బతకగల ఆ మొక్క పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) పెరట్లో ఒక్క ఏడాది గడవడమే కష్టం. ఇది తోటమాలి నైపుణ్యానికి సంబంధించిన సమస్య కాదు. మొక్క శరీరంలో జరిగే లెక్కల సమస్య. ఆ లెక్కలు అర్థమైతే అండమాన్ కొండల మీద సహజంగా ఏ మొక్కలు బతుకుతున్నాయో, వాటికి ముందున్న ముప్పు ఏమిటో కూడా తెలుస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. కాబట్టి ఇది మనకు మరీ దూరపు సంగతేమీ కాదు.

ఎత్తు కాదు, ఉష్ణోగ్రత ముఖ్యం

ఆల్పైన్ అనే పేరు ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాల నుంచి వచ్చింది. వృక్షశాస్త్రంలో దాని అర్థం ‘చెట్లు ఆగిపోయిన చోటికి పైన’ అని. ఏ ఎత్తైన పర్వతం ఎక్కినా ఒక హద్దు దాటాక చెట్లు కనిపించవు. గడ్డి, పొదలు, నేలకు అంటుకుని పెరిగే పొట్టి మొక్కలు మాత్రమే ఉంటాయి. ఆ హద్దును వృక్షరేఖ అంటారు.

ఈ రేఖ ఎక్కడ పడుతుందన్నది మీటర్ల మీద ఆధారపడదు. ప్రపంచంలో ఏ పర్వతం మీద కొలిచినా, మొక్కలు పెరిగే కాలంలో సగటు ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీల సెల్సియస్ ఉన్న చోట చెట్లు ఆగిపోతున్నాయి. అంతకంటే చల్లగా ఉంటే కొత్త కణజాలం తయారయ్యే వేగం బాగా పడిపోతుంది. చెట్టు తల ఎత్తి గాలిలో నిలబడుతుంది కనుక దాని కొమ్మలు గాలి ఎంత చల్లగా ఉంటే అంత చల్లగా ఉంటాయి. నేలను కరచుకున్న మొక్కకు ఆ ఇబ్బంది లేదు. ఎండకు వేడెక్కిన నేల పక్కనే, గాలి జోరు తగ్గిన పలుచని పొరలో అది బతుకుతుంది.

ఇప్పుడు అండమాన్ లెక్క చూద్దాం. కిలోమీటరు ఎత్తుకు వెళితే గాలి ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. పోర్ట్ బ్లెయిర్ వార్షిక సగటు సుమారు 27 డిగ్రీలు. అది 6 డిగ్రీలకు దిగాలంటే 21 డిగ్రీలు తగ్గాలి. 21ని 6.5తో భాగిస్తే 3.2 కిలోమీటర్లు వస్తుంది. తేమ గాలిలో ఉష్ణోగ్రత ఇంకాస్త నెమ్మదిగా తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకా పైకి వెళ్ళాలి. బోర్నియో ద్వీపంలోని కినబాలు పర్వతం 4,095 మీటర్ల ఎత్తు ఉంది కాబట్టే, భూమధ్యరేఖకు అంత దగ్గరగా ఉన్నా దాని శిఖర భాగంలో చెట్లు లేని రాతి నేల కనిపిస్తుంది.

అండమాన్ నికోబార్ దీవుల్లో అన్నిటికంటే ఎత్తైనది ఉత్తర అండమాన్‌లో దిగ్లీపూర్ దగ్గరున్న శాడిల్ పీక్. దాని ఎత్తు 732 మీటర్లు. అంటే శిఖరం మీద సముద్రతీరం కంటే చల్లదనం 5 డిగ్రీల లోపే. ఆల్పైన్ వాతావరణానికి కావలసిన దానిలో ఇది నాలుగో వంతుకు కూడా రాదు. తూర్పు కనుమల్లో అత్యున్నత శిఖరాల్లో ఒకటైన అరమ కొండ 1,680 మీటర్లు ఉన్నా అదీ చాలదు. లంబసింగిలో శీతాకాలపు తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకోవచ్చు. అయినా అది ఆల్పైన్ ప్రాంతం కాదు. ఒక రాత్రి చలి సరిపోదు, వేసవి మొత్తం చల్లగా ఉండాలి.

చలి కోసం తయారైన ఒళ్ళు

ఎడెల్‌వైస్‌నే ఉదాహరణగా తీసుకుందాం. దీని బంధువులు మన హిమాలయాల్లోనూ పెరుగుతాయి. తెల్లని రేకుల్లా కనిపించేవి నిజానికి రేకులు కావు, పూగుత్తి చుట్టూ ఉన్న ఆకులు. అసలు పూలు మధ్యలో చిన్న చిన్న గుండీల్లా ఉంటాయి. ఆ ఆకుల నిండా తెల్లని నూగు. దుప్పటి కప్పుకున్నట్టుండే ఈ నూగు గాలి కదలికను ఆపి, నీరు ఆవిరి కాకుండా చూస్తుంది.

దాని పని అక్కడితో అయిపోలేదు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి అతినీలలోహిత కిరణాల తీవ్రత పెరుగుతుంది. 2005లో బెల్జియం, హంగరీ భౌతిక శాస్త్రవేత్తలు ఈ నూగును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పరిశీలించారు. ఒక్కో రోమం ఉపరితలం మీద మైక్రోమీటరులో ఐదో వంతు కంటే సన్నని పోగులు వరుసగా పేర్చి ఉన్నాయి. అంటే అవి అతినీలలోహిత కాంతి తరంగదైర్ఘ్యంతో పోల్చదగిన కొలతలో ఉన్నాయి. హాని చేసే ఆ కిరణాలు రోమాల దగ్గరే ఆగిపోతాయి. ఆహారం తయారీకి పనికివచ్చే వెలుగు మాత్రం లోపలికి వెళుతుంది.

మరికొన్ని ఆల్పైన్ మొక్కలు దిండులా గుండ్రంగా, గట్టిగా అల్లుకుని పెరుగుతాయి. ఎండ కాసినప్పుడు ఆ దిండు చుట్టూ ఉన్న గాలి కంటే పది డిగ్రీలకు పైగా వేడెక్కగలదు. లదాఖ్‌లో ఇలాంటి చిన్న మొక్కలు సముద్రమట్టానికి 6,150 మీటర్ల ఎత్తున కూడా నమోదయ్యాయి. రాత్రి గడ్డకట్టే చలి పడినప్పుడు కణాల్లోని నీరు బయటికి వచ్చి, కణాల మధ్య ఖాళీల్లో మంచుగా మారుతుంది. లోపల చక్కెరలతో చిక్కబడిన ద్రవం గడ్డకట్టకుండా మిగులుతుంది. ఈ ఏర్పాటు ఒక్క రోజులో జరిగేది కాదు. శరదృతువులో చలి మెల్లమెల్లగా పెరుగుతూ ఉంటే మొక్క దానికి తగ్గట్టు సిద్ధమవుతుంది.

వెచ్చని రాత్రి ఖరీదు

ఇంత పకడ్బందీగా తయారైన మొక్కను వెచ్చదనం ఎలా చంపుతుంది? పగటి సంపాదన, రాత్రి ఖర్చు అనే లెక్కలో దీనికి జవాబుంది.

మొక్క పగలు కిరణజన్య సంయోగక్రియతో చక్కెరలు సంపాదిస్తుంది. రాత్రింబవళ్ళు శ్వాసక్రియలో వాటిని ఖర్చు చేస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ ఖర్చు ఇంచుమించు రెట్టింపవుతుంది. హిమాలయాల్లో ఆల్పైన్ వేసవి రాత్రి ఉష్ణోగ్రత 4 డిగ్రీలు అనుకుందాం. పోర్ట్ బ్లెయిర్ రాత్రి 24 డిగ్రీలు. తేడా 20 డిగ్రీలు. ఒకసారి రెట్టింపై, మళ్ళీ రెట్టింపైతే ఖర్చు నాలుగు రెట్లు. కొంతకాలానికి మొక్క తన శ్వాసక్రియను కాస్త తగ్గించుకోగలదు కానీ పూర్తిగా కాదు. మరోవైపు సంపాదన నాలుగు రెట్లు పెరగదు. చల్లని పగళ్ళకు అలవాటుపడిన ఆకులు 30 డిగ్రీలు దాటిన ఎండలో సరిగా పనిచేయవు. రోజురోజుకూ నిల్వ కరిగిపోతుంది. పైకి పచ్చగా కనిపిస్తూనే మొక్క ఆకలితో చిక్కిపోతుంది.

రెండో దెబ్బ తడి. పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. ఆల్పైన్ మొక్కకు నీటితో పేచీ లేదు, నిలిచిన నీటితోనే పేచీ. దాని సొంత ఊళ్ళో నీరు రాళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. శీతాకాలంలో మంచు కింద దాదాపు సున్నా డిగ్రీల దగ్గర అది నిద్రపోతుంది. వెచ్చని తడిలో మాత్రం వేళ్ళకు బూజు పట్టి కుళ్ళిపోతాయి. చలి నుంచి కాపాడిన నూగు ఇక్కడ వాన నీటిని పట్టి ఉంచి ఆకులను కుళ్ళబెడుతుంది.

మూడోది కాలం లెక్క. చాలా ఆల్పైన్ మొక్కల విత్తనాలు కొన్ని వారాల చలి చూశాకే మొలకెత్తుతాయి. కొన్నింటికి మొగ్గ వేయాలన్నా చలి అనుభవం కావాలి. పగటి నిడివి కూడా వాటికి ఒక క్యాలెండర్. లేహ్‌లో ఏడాదిలో అతి పొడవైన పగటికీ, అతి చిన్న పగటికీ తేడా సుమారు నాలుగున్నర గంటలు. పోర్ట్ బ్లెయిర్‌లో ఆ తేడా గంటంపావు చుట్టూనే ఉంటుంది. విత్తనాలను ఫ్రిజ్‌లో పెట్టి చలి చూపిస్తే మొలకెత్తించవచ్చు. తరవాత వచ్చే వెచ్చని రాత్రులను మాత్రం ఏ ఫ్రిజ్జూ ఆపలేదు.

అంటే ‘గట్టి మొక్క’ అనే మాట సగం వాక్యమే. దేనికి గట్టి అన్నది కూడా చెబితేనే అది పూర్తవుతుంది. చలికి గట్టిపడిన మొక్క వేడికి అర్భకం కావచ్చు. అందుకు కారణం కూడా చలిలో దాన్ని కాపాడిన ఏర్పాట్లే కావచ్చు.

అండమాన్ రాళ్ళ మీద గట్టి మొక్క ఏది?

ఇప్పుడు ప్రశ్నను తిప్పి వేద్దాం. అండమాన్‌లో చలి లేదు. మరి అక్కడి రాతి నేలలో బతకడానికి మొక్క దేన్ని తట్టుకోవాలి? కొన్నిచోట్ల లోహాన్ని.

భారత ఫలకం అండమాన్‌కు పడమర దిక్కున బర్మా ఫలకం కిందికి దూరుతోంది. ఈ రాపిడిలో, కోట్ల ఏళ్ళ క్రమంలో, సముద్రపు అడుగు భాగపు శిలలు, వాటి కింద ఉండే భూప్రావారపు శిలలు ముక్కలై పైకి వచ్చాయి. ఇలా నేల మీదికి చేరిన సముద్ర గర్భ శిలల సముదాయాన్ని ఓఫియోలైట్ అంటారు. ఇవి అండమాన్ దీవుల్లో చాలాచోట్ల కనిపిస్తాయి. శాడిల్ పీక్ ప్రాంతంలోనూ ఉన్నాయి. ఇలాంటి శిలల్లో ఒకటైన సర్పెంటైన్ చిదికితే ఏర్పడే మట్టిలో మెగ్నీషియం, నికెల్, క్రోమియం ఎక్కువ. మొక్కలకు అవసరమైన కాల్షియం, భాస్వరం, పొటాషియం తక్కువ. సాధారణ మొక్కకు ఇది ఒకేసారి పస్తూ, విషమూ.

అయినా అక్కడ పెరిగే మొక్కలున్నాయి. వాటిలో రెండింటి సంగతి ప్రత్యేకం. ఒకటి రైనోరియా బెంగాలెన్సిస్, రెండోది డైకాపెటలం జెలోనియోయిడిస్ అనే జాతిలోని అండమానికం అనే ఉపజాతి. రెండూ నికెల్‌ను తప్పించుకోవు, ఆకుల్లోకి తోడుకుని దాచుకుంటాయి. మామూలు మొక్క ఎండుటాకులో నికెల్ గ్రాముకు కొన్ని మైక్రోగ్రాములే ఉంటుంది. గ్రాముకు 1,000 మైక్రోగ్రాములు దాటితే ఆ మొక్కను నికెల్ అధిసంచాయకం అని పిలుస్తారు. 1977లో శాస్త్రవేత్తలు మ్యూజియంలలో భద్రపరిచిన రైనోరియా ఎండుటాకుల ముక్కలను పరీక్షించారు. కొన్ని నమూనాల్లో నికెల్ ఆకు బరువులో ఒక శాతాన్ని దాటింది. ఆకు ఎక్కడ సేకరించారో చూస్తే, అక్కడి నేల కింద ఏ శిల ఉందో ఊహించడానికి వీలైంది.

కలకత్తా విశ్వవిద్యాలయ పరిశోధకులు అండమాన్ సర్పెంటైన్ నేలల్లో ఈ రెండు మొక్కల వేళ్ళ చుట్టూ ఉండే మట్టిని పరిశీలించారు. నికెల్‌ను తట్టుకునే బాక్టీరియా అందులో కనిపించింది. అంటే ఇక్కడ గట్టితనం ఒక్క మొక్కది కాదు. శిల, మట్టి, సూక్ష్మజీవులు, వేళ్ళు కలిసి నడిపే ఏర్పాటు అది. ఇంత నికెల్ మొక్కకు ఎందుకన్న దానికి బలంగా వినిపించే వివరణ ఒకటుంది. లోహం నిండిన ఆకును పురుగులు తినడానికి జంకుతాయి.

ఇక్కడో చిన్న చుట్టరికం కూడా ఉంది. రైనోరియా వయోలా పూల కుటుంబానికి చెందింది. ఆ కుటుంబంలోనే హిమాలయాల ఎత్తుల్లో బండల నీడన పసుపు పూలు పూసే వయోలా బైఫ్లోరా ఉంది. ఒకే వంశంలో ఒక శాఖ చలిని, మరో శాఖ లోహాన్ని నేర్చుకుంది. ఒకదాని చోటు మరొకదానికి ఇస్తే రెండూ దెబ్బతింటాయి.

ద్వీపంలో మరో ద్వీపం

శాడిల్ పీక్‌కు, మంచుకొండల శిఖరాలకు ఒక పోలిక మాత్రం ఉంది. రెండు చోట్లా పైనున్న మొక్కలకు ఇంకా పైకి దారి లేదు.

అండమాన్ కొండల అడుగున ఆకాశాన్నంటే గుర్జన్ చెట్లతో సతతహరితారణ్యం ఉంటుంది. పైకి వెళ్ళేకొద్దీ మట్టి పలచబడుతుంది, గాలి జోరు పెరుగుతుంది, చెట్లు పొట్టివవుతాయి. అటవీశాస్త్రం దీన్ని కొండకొమ్ము సతతహరితారణ్యం అని వేరుగా గుర్తిస్తుంది. గుర్జన్‌లలోనే ఒకటైన డిప్టెరోకార్పస్ కోస్టాటస్, నాగకేసరం ఇక్కడి చెట్లలో కొన్ని. సముద్రం మధ్య ఒంటరిగా నిలిచిన చిన్న కొండల మీద మబ్బు తక్కువ ఎత్తులోనే పట్టుకుంటుంది. అందువల్ల పెద్ద పర్వతాల మీద రెండు వేల మీటర్ల దగ్గర కనిపించే పొట్టి, నాచు పట్టిన అడవి ద్వీపాల్లో కొన్ని వందల మీటర్లకే కనిపించవచ్చు.

ఇప్పుడు పాత లెక్కనే తిరగేద్దాం. కిలోమీటరుకు 6.5 డిగ్రీలంటే, ఒక డిగ్రీకి సుమారు 150 మీటర్లు. వాతావరణం ఒక డిగ్రీ వేడెక్కితే, ఒక మొక్క తనకు అలవాటైన ఉష్ణోగ్రత కోసం 150 మీటర్లు పైకి జరగాలి. శాడిల్ పీక్ మీద 600 మీటర్లకు పైన మాత్రమే బతికే మొక్క ఒకటి ఉందనుకుంటే, దానికి 750 మీటర్ల ఎత్తు కావాలి. కొండ 732 దగ్గర అయిపోతుంది. చుట్టూ సముద్రం కాబట్టి పక్క కొండకు వెళ్ళే దారీ లేదు. ఒక ప్రత్యేకమైన శిలకు కట్టుబడిన మొక్క అయితే పరిస్థితి ఇంకా ఇరుకు.

ఇది లెక్కతో వేసిన అంచనా. ఐరోపాలో దీన్ని శిఖరాల మీద నేరుగా కొలిచారు. 302 శిఖరాల మీద 145 ఏళ్ళ వృక్ష గణనలను పోల్చిన పరిశోధన 2018లో వెలువడింది. కిందినుంచి కొత్త జాతులు శిఖరాలకు చేరే వేగం బాగా పెరిగింది. 1957-66 దశాబ్దంతో పోలిస్తే 2007-16లో ఆ చేరిక అయిదు రెట్లు. మొదట్లో శిఖరం మీద జాతుల సంఖ్య పెరిగినట్టే కనిపిస్తుంది. కానీ వచ్చినవి పొడుగైనవి, వేగంగా పెరిగేవి. నీడ పడితే, నేలను కరచుకున్న పాత కాపురస్తులకు ఎండ దక్కదు.

ఈ మార్పును పట్టుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. శిఖరం చుట్టూ కొన్ని చదరాలు గుర్తుపెట్టి, ఏ జాతులు ఎన్ని ఉన్నాయో రాసుకుని, కొన్నేళ్ళ తరవాత అవే చదరాలకు తిరిగి రావాలి. పక్కన ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న పరికరం ఒకటి పాతిపెట్టాలి. మన హిమాలయ శిఖరాల మీద ఈ పద్ధతిలో పరిశీలనలు జరుగుతున్నాయి. 732 మీటర్ల ఉష్ణమండల శిఖరానికీ ఇదే పద్ధతి సరిపోతుంది. అండమాన్‌లో వృక్షాల నమోదుకు పాత పునాది కూడా ఉంది. సల్పైజ్ కుర్జ్ నివేదిక 1870లో, పార్కిన్సన్ అటవీ వృక్షజాల గ్రంథం 1923లో వచ్చాయి. భారత వృక్షశాస్త్ర సర్వే ప్రాంతీయ కేంద్రం 1972 నుంచి పోర్ట్ బ్లెయిర్‌లో పనిచేస్తోంది.

మరి రాతి తోట వేసుకోకూడదా?

నిరభ్యంతరంగా వేసుకోవచ్చు, మొక్కల ఎంపిక మారితే చాలు. చల్లని దేశాల్లో రాతి తోటకు ఒక భౌతిక కారణం ఉంది. రాయి పగటి వేడిని దాచుకుని రాత్రి మెల్లగా వదులుతుంది. చలి ప్రాంతపు మొక్కకు అది మేలు. మన తీరప్రాంతంలో అదే వేడి రాత్రిపూట అదనపు భారం. అందుకని ఇక్కడ రాళ్ళను మధ్యాహ్నపు ఎండ తగలని తూర్పు వైపు, లేదా చెట్టు పలుచని నీడలో పేర్చాలి. కింద కంకర, ఇసుక వేసి నీరు నిలవకుండా చూడాలి.

తెలుగు నేల మీద ఎండకు, రాతి నేలకు అలవాటుపడిన మొక్కలకు కొరత లేదు. కొండపిండినే చూడండి. పిండికూర అనీ పిలుచుకునే ఈ మొక్క రాళ్ళ నేలలో, బాటల పక్కన తనంతట తానే మొలుస్తుంది. దీని ఒంటినిండా, పూగుత్తుల నిండా ఎడెల్‌వైస్‌లాగే తెల్లని నూగు ఉంటుంది. ఇక్కడ ఆ నూగు ఎండను వెనక్కి తిప్పడానికి, తేమను కాపాడుకోవడానికి పనికివస్తుంది. పేరులో ఇంకో పోలిక ఉంది. శాక్సిఫ్రాగా అంటే లాటిన్‌లో రాయిని పగలగొట్టేది. సంస్కృతంలో పాషాణభేద అన్నా అదే అర్థం. ఆయుర్వేదంలో ఆ పేరుతో వాడే హిమాలయ మొక్క బెర్జీనియాను ఒకప్పుడు శాక్సిఫ్రాగాల్లోనే లెక్కించేవారు. మన దగ్గర మూత్రపిండాల రాళ్ళకు వాడే సంప్రదాయ మందుల్లో కొండపిండి పేరు వినిపిస్తుంది. పేరు చూసి సొంత వైద్యం చేసుకోవడం మాత్రం మంచిది కాదు.

అండమాన్‌లో తోట వేసేవారికి రెండు జాగ్రత్తలు. అలంకరణ కోసం తీరంలోని పగడపు రాళ్ళను తేకూడదు. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఫెర్న్‌లు, ఆర్కిడ్‌లు కావాలంటే నర్సరీలో పెంచినవే కొనాలి, అడవిలోంచి పీకి తేకూడదు. అదుపు లేకుండా పాకే బయటి మొక్కలను ద్వీపానికి తేవడం మరీ ప్రమాదం. మికానియా మైక్రాంథా అనే అమెరికా తీగ అండమాన్‌లో ఇప్పటికే చెట్లను కప్పేస్తూ పాకుతోంది. కాబట్టి బయటినుంచి వచ్చే మొక్క విషయంలో రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఇక్కడ బతుకుతుందా? బతికితే ఇక్కడివాటిని బతకనిస్తుందా? ఎడెల్‌వైస్ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. మికానియా వంటివి ఆ ప్రశ్నను సులువుగా దాటేస్తాయి. ద్వీపంలో ఎక్కువ జాగ్రత్త పడవలసింది ఈ రెండో రకంతోనే.